మదనపల్లె రేవులో పెయ్యదూడ

ఓడ మదనపల్లెకు ఏడాదికోసారి వస్తుంది. కుప్పం మీదుగా వేరుశెనగ చేలపై తేలుతూ, పుంగనూరు దగ్గర కాస్త మలుపు తీసుకుని, తెల్లారేసరికి ఊరి బయట టమాటా తోటల పక్కన ఆగుతుంది. రైతులు తోటల్లో కర్రలు ముందే పీకి పెట్టుకుంటారు. ఆటోవాళ్ళు నిచ్చెన కింద వరసకడతారు. ఈసారి లేటని టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు విసుక్కుంటారు. అంతే.

ఆ ఆదివారం దిగిన ప్రయాణికుల్లో ఉషారాణి ఒకతె. మొగుడు పోయినప్పటి నుంచీ విశాఖపట్నంలో అన్న సుబ్రహ్మణ్యం ఇంట్లో ఉంటోంది. ఆ ఇంట్లో వంటా, పిల్లల పనీ ఆమెవే. అన్నావదినలు పిల్లలతో ఓడెక్కుతూ ఆమెను వెంట తెచ్చిందీ అందుకే. వదినకు ఓడ పడదు, అది నేల మీద తేలినా సరే. తలకు గుడ్డ కట్టుకుని, పడుకున్నచోటి నుంచే డబ్బు చేతిలో పెట్టి, "నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర తీసుకో. నెమలికంఠం రంగు. ఓడ కూత వెయ్యకముందే వచ్చెయ్" అంది.

ఇన్నేళ్ళలో ఒంటరిగా ఒక పూట దొరకడం అదే మొదలు. నిచ్చెన దిగుతుంటే ఉషారాణి కాళ్ళు వాటంతటవే పరుగందుకున్నాయి.

"యాడికి పోవల్లక్కా?" అన్నాడు ఆటో డానీ.

"చీరల దగ్గరికి. కానీ తిన్నగా వద్దు. ఊరంతా తిప్పు."

"తిప్పుతా. మళ్ళా దిగనంటే మాత్రం నాకు సంబంధం లేదు."

టమాటా లారీల పక్క నుంచి, కమ్మటి దోసెల వాసన మధ్య నుంచి, చల్లగాలిలో ఆటో పరుగెత్తింది. ఆమె తల బయటికి పెట్టి అన్నీ చూసింది. ఒక చర్చి ముందు డానీ బండి ఆపాడు.

"కోతల పండగక్కా. మా యమ్మ గుమ్మడికాయ ఇచ్చిండాది. ఎవురు పాడినారో సూసొస్తా."

ఆమె కూడా దిగింది. సంఘస్థులు పండించినవి దేవుడికిచ్చి, ఆరాధన అయ్యాక వేలం పాడుకుంటున్నారు. రాగులు అయిపోయాయి, కోళ్ళు అయిపోయాయి. ఇప్పుడు సంఘ పెద్ద ప్రకాష్ బాబు పక్కన పుంగనూరు పెయ్యదూడ నిలబడి ఉంది. తెల్లగా, మేకపిల్లంత, మెడలో బంతిపూల దండతో.

ఆ దూడ కృపావతమ్మది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆవు తొలి ఈత దూడను దేవుడికిస్తానని మొక్కుకుంది, ఇచ్చింది. అలా మొక్కి ఇచ్చినదాన్ని ఇచ్చినవాళ్ళే పాడుకుని ఇంటికి తోలుకుపోవడం అక్కడి వాడుక. వేరేవాళ్ళు నోరెత్తరు. ఉషారాణికి ఆ సంగతి తెలీదు. దూడ తనవైపు చూసి చెవులాడిస్తే ముచ్చటేసి చెయ్యి ఊపింది.

"ఓడలో వచ్చినమ్మ చెయ్యెత్తింది" అన్నాడు ప్రకాష్ బాబు మైకులో. "మీ మాట ఏందమ్మా?"

చెయ్యి దించబోయిన ఉషారాణి ఆగిపోయింది. నీ మాట ఏమిటని ఆమెను ఎవరూ అడిగి చాలా కాలమైంది. నోటికొచ్చిన అంకె చెప్పింది. కృపావతమ్మ కళ్ళజోడు సర్దుకుని పెంచింది. ఉషారాణి ఇంకా పెంచింది. ఇంతమంది తన నోటి వంకే చూస్తుంటే ఒళ్ళు తేలిపోతోంది.

"అక్కా, అట్ల పాడగూడదు" అని వెనక నుంచి డానీ కొంగు లాగాడు.

"ఆగవయ్యా."

చీర డబ్బు మొత్తం చెప్పేసింది. కృపావతమ్మ పర్సు మూసింది. మూడోసారి అనేశారు. దూడ పలుపు ఉషారాణి చేతికొచ్చింది.

డానీ అప్పుడు వాడుక సంగతి చెప్పాడు. ఆమె పరుగున కృపావతమ్మ దగ్గరికి పోయి, "తెలీక చేశానమ్మా. డబ్బులొద్దు, మీ దూడను మీరే తీసుకోండి" అంది.

"దేవునికిచ్చింది పాడుకుంటే పద్ధతి. ఊరికే తీసుకుంటే దొంగతనం" అంది కృపావతమ్మ. "వచ్చే పండక్కి మళ్ళా పాటలో పెట్టు, కొనుక్కుంటా. అందాకా నువ్వే సాకల్ల. పాలు తాగే బిడ్డ అది. తల్లి మా ఇంట్లో ఉండాది."

"నేను ఓడెక్కాలి."

"అయితే దాని సంగతి ఓడలోళ్ళు ఏమంటారో అడుగుదాం పా."

ముగ్గురూ దూడా ఆటోలో రేవుకు వచ్చారు. నిచ్చెన దగ్గర ఓడ మనిషి మునికుమార్ అడ్డం నిలబడ్డాడు. "దూడల్ని ఎక్కించుకోం." పైన కమ్మీ పట్టుకుని వదిన, "చీర ఏది?" అని అరిచింది. ఉషారాణి దూడ మెడ చుట్టూ చెయ్యి వేసి ఉండిపోయింది. ఎక్కితే, కృపావతమ్మ ఊరికే తీసుకోదు, దూడ పాలు లేక చస్తుంది. ఎక్కకపోతే అన్న ఇంట్లో మళ్ళీ చోటుండదు.

ఓడ కూత వేసింది. లేవబోయి, ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ కూర్చుంది.

"ఒక మనిషి బరువు తక్కువుండాది" అన్నాడు మునికుమార్. "దిగినంతమందీ ఎక్కితే గానీ లేయదు. ఎవురైనా మాకు ఒకటే."

కృపావతమ్మ ఓడను కింద నుంచి పైదాకా చూసింది. ఆమె బతుకంతా ఆసుపత్రి, ఆ తర్వాత ఆవు. బైరెడ్డిపల్లె దాటి పోయింది లేదు.

"నేనెక్కినా లేస్తాదా?"

"లేస్తాది."

ఆమె ఇంటి తాళం ఉషారాణి చేతిలో పెట్టింది. "ఆవు పేరు సారా. పిండేటప్పుడు కీర్తన పాడల్ల, లేకుంటే తంతాది."

"నాకు కీర్తనలు రావమ్మా."

"నేర్చుకో. పండక్కి ఇదే ఓడలో వస్తా. అందాకా నా దూడను... నీ దూడను బాగ సూసుకో."

చెప్పులు సర్దుకుని ఎక్కేసింది. "పిల్లోళ్ళు యాడుండారు? గోర్లు సూపించండి" అన్న మాట కిందికి వినబడింది. ఓడ తేలిగ్గా లేచి, టమాటా తోటల మీదుగా కదిలింది. ఆటోవాళ్ళు టీ తాగడానికి పోయారు.

ఉషారాణి ఫోను మోగింది. అన్న.

"నువ్వు ఎక్కలేదా?"

"లేదన్నయ్యా. దూడకు పాలవేళయింది, పెట్టేస్తున్నా."

పెట్టేసింది. ఆ ఇంటివాళ్ళతో మాట్లాడుతూ ఫోను తను ముందు పెట్టేయడం అదే మొదలు.