ఆ ఒక్క మాటా చేత్తోనే

మా మరిదికి ఇంట్లో అందరం కలిసి పెట్టిన పేరు ఓపిక. వాడి ఓపిక చూస్తే నాకు ఒళ్ళు మండుకొస్తుంది! ఆ మధ్యాహ్నం నేను పనిచేసే ప్రెస్సు నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విప్పలేదు, వాడు కంప్యూటర్ ముందు వంగి కూర్చుని నాటకం ప్రతిలో ఒక్కో డైలాగునీ మౌసుతో పట్టుకుని అక్షరాల సైజు పెంచుతున్నాడు. ఒకటి పెంచడం, కిందికి జరగడం, ఇంకోటి పెంచడం.

"ఒరేయ్ ఓపికా, సాయంత్రం ఆట పెట్టుకుని ఇదేం పనిరా? తెర లేచేసరికి నువ్వింకా మొదటి రంగంలోనే ఉంటావు!"

"చేస్తున్నాగా వదినా! పొద్దుట్నుంచీ లేస్తే ఒట్టు."

ఆట మా అత్తయ్యది. అంటే ఆవిడ నటించరు. తెర పక్కన కుర్చీలో కూర్చుని, నటులు మాట మరిచిపోతే మెల్లిగా అందిస్తారు. ప్రాంప్టర్ అన్నమాట. ఏళ్ళ తరబడి ఆ కుర్చీ ఆవిడదే. నిన్న రిహార్సల్లో కొత్త దర్శకుడు తెర పక్కన లైటు బాగా తగ్గించేశాడు. ఆ మసక వెలుతురులో అక్షరాలు కనపడక అత్తయ్య తడబడ్డారు. "రేపు కూడా ఇలాగే అయితే వేరే మనిషిని చూసుకోవాలమ్మా" అనేశాడాయన, అందరి ముందూ! ఇంటికొచ్చి ఆవిడ అన్నం కెలికి లేచిపోయారు.

"లే, జరుగు!" అని మరిదిని కుర్చీలోంచి లేపేశాను.

నాటకంలో ఉండేదే మూడు రకాలు: పాత్ర పేరు, అది ఆడే మాట, నటుడికిచ్చే సూచన. రకానికో స్టైలు చేస్తే పోలా! స్టైలంటే అక్షరాల తీరుకి పెట్టే పేరు, దాన్ని ఒక్కచోట మారిస్తే ఆ పేరున్నవన్నీ మారిపోతాయి. బోల్డుగా ఉన్నవన్నీ వెతికించి 'పేరు' స్టైలు వేశాను. వాలు అక్షరాలకి 'సూచన', మిగిలినదానికి 'మాట'. మరిది చేత్తో చేసినవన్నీ ఒక్క నొక్కుతో తుడిచేశాను, ఎందుకంటే చేత్తో పెట్టిన సైజు మొండిఘటం, స్టైలు చెప్తే వినదు. ఇక 'మాట' సైజు పెంచానో లేదో, మొదటి పేజీ నుంచి చివరిదాకా అక్షరాలన్నీ ఒక్కసారే పెద్దవైపోయాయి. ఎన్నిసార్లు చేసినా నాకదే సంబరం!

గదిలో లైటార్పి, కిటికీలు మూసి, ఒక పేజీ ప్రింటు తీసి అత్తయ్య చేతికిచ్చాను.

"ఇంకాస్త పెద్దదైతే..." అని నసిగారు.

"ఇంకాస్తేం ఖర్మ, ఎంత కావాలంటే అంత!"

మళ్ళీ పెంచాను. "కనిపిస్తున్నాయే!" అన్నారావిడ చిన్నపిల్లలా. అంతే, సేవ్ చేసి, ఫైలు మూసి, మొత్తం ప్రింటు తీసేశాను. అత్తయ్య పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయారు.

"అమ్మాయ్, గీతలేవీ?"

"ఏ గీతలు అత్తయ్యా?"

మరిది తల పట్టుకున్నాడు. నాటకంలో తండ్రి వేషం వేసే పెద్దాయన డైలాగు మధ్యలో కావాలని ఆగుతారట. ఆ ఆగడం మరుపు కాదు, నటన. అక్కడ మాట అందిస్తే కొంప మునిగినట్టే. అందుకే ఆయన ఆగే మాట కిందల్లా మరిది చేత్తో గీత పెట్టాడు. వాటినీ తుడిచిపారేశాను!

"ముందే చెప్పొద్దూ!"

"నువ్వు చెప్పనిస్తేగా!"

వెనక్కి తేవడానికి లేదు, ఫైలు మూసేశానాయె. ఇల్లలకగానే పండగ కాదంటారు, నాకా సామెత ఎప్పుడూ ఆలస్యంగానే గుర్తొస్తుంది. అత్తయ్య లోపలికెళ్ళి, రిహార్సల్లో పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్న పాత ప్రతి తెచ్చి మరిదికిచ్చారు.

వాడు చదువుతుంటే నేను గుర్తు పెడుతూ పోయాను, చేత్తో కాదు. 'ఆగు' అని ఇంకో స్టైలు చేశాను, పేరాకి కాదు, అందులో కావలసిన మాటకి మాత్రమే పట్టేది. పని అయ్యాక చీకట్లో పెట్టి చూస్తే అత్తయ్యకి గీతలు ఆనలేదు. మరిది మొహం పాలిపోయింది.

"మళ్ళీ మొదట్నుంచా వదినా?"

"ఉండరా బాబూ!" 'ఆగు' స్టైల్లో గీత తీసేసి నల్ల పట్టీ, దాని మీద తెల్ల అక్షరాలు పెట్టాను. ఒక్క క్షణంలో ప్రతిపేజీలోనూ నల్ల పట్టీలు!

"వదినా, అన్నీ మారిపోయాయే!" అని గెంతాడు వాడు.

"మరేమనుకున్నావ్!"

"ఇంకొక్కటమ్మా," అన్నారు అత్తయ్య. "చివర్లో 'నీకోసం తలుపు తీసే ఉంచాను' అని ఉంటుంది. ఆ తలుపు దగ్గర మాత్రం ఆయన నిజంగానే మరిచిపోతారు, రోజూ. అది ఎగిరొచ్చి నా కంట్లో పడాలి."

"దానికీ ఓ స్టైలు చేసేస్తా..."

"ఒక్క మాటకి స్టైలా!" అన్నాడు మరిది. "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం! అది ఇంకెక్కడా రాదుగా వదినా."

నిజమే! మళ్ళీ మళ్ళీ వచ్చేదానికి స్టైలు గానీ, ఒక్కసారి వచ్చేదానికి చెయ్యి చాలదూ? కుర్చీ వాడికిచ్చేశాను. వాడు 'తలుపు'ని పట్టుకుని, ఓపిగ్గా, పేజీలో సగం ఆక్రమించేంత చేశాడు.

సాయంత్రం తెర పక్కన మేమిద్దరం అత్తయ్య కుర్చీ వెనకే నక్కాం. పెద్దాయన ఒకచోట ఠక్కున ఆగారు. హాలంతా నిశ్శబ్దం. మరిచిపోయారనుకుని దర్శకుడు మా పక్కకొచ్చి చెయ్యి ఊపుతున్నాడు, చెప్పండి, చెప్పండని. అత్తయ్య కదల్లేదు. నల్ల పట్టీ మీద వేలుపెట్టి చూపించారు, అంతే. పెద్దాయన అప్పుడు తలెత్తి మిగతా మాటన్నారు. చప్పట్లు! నేను మరిది చెయ్యి ఎంత గట్టిగా నొక్కానో వాడు కుయ్యిమన్నాడు.

చివరి రంగం. "నీకోసం..." అని పెద్దాయన ఆగారు. పట్టీ లేదు. ఆయన కళ్ళు బిక్కుబిక్కుమంటూ ఇటు తిరిగాయి.

"తలుపు," అన్నారు అత్తయ్య, దూదిలాంటి గొంతుతో.

"తలుపు తీసే ఉంచాను!" అన్నారాయన, ఏడుస్తూ. హాలు లేచి నిలబడింది.

తెర పడ్డాక దర్శకుడు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, బ్రహ్మాండం! ఆ తలుపు ఒక్కటే ఇబ్బంది పెడుతోంది ఆయన్ని. రేపటికి ఆ మాట తీసేద్దాం."

అత్తయ్య ప్రతిని గుండెకి హత్తుకున్నారు. నిన్నట్నుంచీ బిగబట్టిన కన్నీళ్ళు అప్పుడు కారాయి.

"తీసెయ్యకు బాబూ," అన్నారు. "అది అందించడానికేగా నేనున్నాను."

ఆయన సరేనని తలూపి, రేపు కాస్త ముందే రమ్మన్నాడు.