గంజి పెట్టిన బంతి పట్టీ

నా భార్య చంద్రభాగ పోయిన రోజే మా ఇంట్లో భోజనాల జంపఖానా కూడా పోయింది.

తెల్లవారేసరికి జ్వరం ఎక్కువైంది. డాక్టరు వచ్చేలోపే ఊపిరి ఆగింది. మంచం మీద నుంచి దించి కింద పడుకోబెట్టాలన్నారు పెద్దవాళ్లు. నడింట్లో అప్పటికే జంపఖానా పరిచి ఉంది. పిల్లలు అంబలి తాగి లేచిన చోటు అది. వేరే చాప వెతికే తీరిక ఎవరికీ లేకపోయింది. ఆమెను దాని మీదే పడుకోబెట్టారు. ప్రాణం లేని మనిషిని పడుకోబెట్టిన గుడ్డను మా వాళ్లు మళ్లీ ఇంట్లోకి రానివ్వరు. సాయంత్రం దాన్ని శ్మశానంలోనే వదిలి వచ్చాం.

ఇదంతా ఈ ఏడే, పందొమ్మిది వందల ముప్పై నాలుగులో జరిగింది. సోలాపూర్ సాఖర్‌పేటలో మా అన్నయ్య సిద్ధరాములు ఇంట్లో అందరం కలిసి ఉంటాం. ముందు గదిలో గుంట మగ్గాలు, వెనక వంటగది, మధ్యలో నడిల్లు. అన్నయ్యకు నలుగురు కొడుకులు. మగ్గాల మీద పనిచేసే మరో ఇద్దరు కూడా మా ఇంట్లోనే తింటారు. నేను అక్కడి తెలుగు బడిలో పంతులును. నాకు ఒక్కతే కూతురు, మంగళ. తల్లి పోయేనాటికి దానికి ఏడేళ్లు.

ఆ జంపఖానా నడింట్లో సగం ఆక్రమించేంత పెద్దది. దాని మీద గుండ్రంగా కూర్చుని, కంచాలు కూడా దాని మీదే పెట్టుకుని తినేవాళ్లం. అది పోయాక ఎవరి కంచం వారు పట్టుకుని తోచిన చోట కూర్చోవడం మొదలైంది. ఒకరు మగ్గం గుంట అంచున, ఒకరు వాకిట్లో, నేను గోడ వారగా. ఆకలి అందరికీ ఒకేసారి వేయడం మానేసింది.

మంగళ మాత్రం కూర్చోవడమే మానేసింది. వంటింటి గడప మీద నిలబడి, గిన్నె చేత్తో పట్టుకుని నాలుగు ముద్దలు తిని గిన్నె దించేసేది. నడింట్లోకి రావలసి వస్తే గోడను రాసుకుంటూ వచ్చేది. మధ్యలో అడుగు పెట్టేది కాదు. కూర్చోబెట్టి తినిపించాలని ఒకసారి చెయ్యి పట్టుకుని లాగాను. అది ఏడవలేదు. గిన్నె కింద పెట్టి వెనక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత నేను మళ్లీ లాగలేదు. దాని మోచేతులు పుల్లల్లా తేలడం రోజూ చూస్తూనే ఉన్నాను. ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

దినాలు అయిపోయి మగ్గాలు మళ్లీ ఆడడం మొదలయ్యాక, ఒక రోజు మా వదిన యమునాబాయి అన్నయ్య ముందు నిలబడింది.

“ఈ ఇంట్ల బువ్వ తినే జాగనే లేకుండ పోయింది. పోరి నిలవడి తింటున్నది, సూస్తున్నవా? కొత్త జంపఖానా తెస్తె గని మళ్ల బంతి కుదరదు.”

అన్నయ్య తల ఊపాడు. బడికి సెలవున్న రోజు చూసుకుని వదిన, నేను, మంగళ నర్సప్ప దుకాణానికి వెళ్లాం. నర్సప్ప జంపఖానాలు, సతరంజీలు అమ్మేవాడు. మమ్మల్ని చూడగానే, సాలెవాళ్ల ఇంటికి బట్ట అమ్మానంటే పేటంతా తన పేరు చెప్పుకుంటుందని నవ్వాడు. మేము నేసేది చీరలు మాత్రమేనని అతనికి తెలుసు. అయినా అనకుండా ఉండలేకపోయాడు.

ముందుగా ఒక ఎర్రటి జంపఖానా పరిచాడు. అంచు పొడుగునా పూలు. నాకు నచ్చింది. వదిన మాత్రం అతను తాగడానికి ఇచ్చిన నీళ్లలో కొంగు చివర తడిపి, ఒక మూల పట్టుకుని రుద్దింది. కొంగుకు ఎరుపు అంటింది.

“గంత గట్టిగ రుద్దితె నా మొఖం రంగు గూడ దిగుతది, అక్కా,” అన్నాడు నర్సప్ప.

“నీ మొఖం మీద మేం కూసోం గద.”

తర్వాత ముదురు గోధుమ రంగుది తీశాడు. ఎంతమంది తిన్నా, ఎన్నిసార్లు పప్పు ఒలికినా దాని మీద మరక కనబడదని చెప్పాడు. కనబడకపోతే లేనట్టు కాదని వదిన దాన్ని పక్కకు నెట్టింది. మరక కనబడితేనే ఎవరైనా కడుగుతారని ఆమె లెక్క. మూడోది మంచి మందం. కూర్చుంటే మెత్తగా ఉంది. వదిన పోగుల మధ్య గోరు దూర్చి చూసింది. అక్కడ మెతుకు ఎండితే సూదితో తవ్వి తీయాలట. తరువాత ఒక పక్క ఎత్తి చూసి, తడిస్తే దీన్ని లేపడానికి ఇద్దరు పహిల్వాన్లు కావాలంది.

“మీ ఇంట్ల నలుగురు కొడుకులున్నరు గద అక్కా.”

“తినేటందుకున్నరు.”

ఎండాకాలం మా పేటలో నీళ్లకు కరువు. రెండు బిందెల నీళ్లతో ఉతికి ఆరేసుకోగలిగినదే మా ఇంటికి పనికొచ్చే జంపఖానా అని నాకు అప్పుడు అర్థమైంది. నాకు పూలు కనిపించాయి. ఆమెకు మా ఇల్లు కనిపించింది.

చివరికి ఒక పలచటి నీలం చారలది వదినకు కుదిరింది. రంగు దిగలేదు, బరువూ లేదు. మంగళను దగ్గరికి పిలిచి, ఇది బాగుందా అని అడిగింది. అది దాని వైపు చూడనేలేదు.

“దీన్ని ఏడ పరుస్తరు, పెద్దమ్మా?”

వదిన చేతిలోని జంపఖానాను మెల్లగా మడిచి నర్సప్ప ముందు పెట్టింది. మళ్లీ వస్తామని చెప్పి లేచింది. సందు మలుపు తిరిగాక, మంగళ నాలుగడుగులు ముందు నడుస్తుండగా, నాతో మెల్లగా అంది.

“మనం జంపఖానా సూస్తున్నం, రాజారాం. పోరి జాగ సూస్తున్నది.”

ఇంటికి రాగానే ఆమె అన్నయ్యకు చెప్పింది. నడింటి మధ్యలో పరిచేది వద్దు. వంటింటి గోడ పొంటి, ఆ మూల నుంచి ఈ మూల దాకా, మనిషి కూర్చునేంత వెడల్పున పొడుగు పట్టీ ఒకటి కావాలి. అందరూ గోడకు వీపు ఆనించి ఒకే బంతిలో కూర్చుంటారు. కంచం నేల మీద ఉంటుంది. ఒలికింది నేల మీద ఒలుకుతుంది, తుడిస్తే పోతుంది. పట్టీకి రంగు వద్దు. ముడి నూలైతే సోడాలో ఉడకబెట్టవచ్చు. మధ్యలో ఎవరూ నడవనక్కర లేదు. ఈ చివరి మాటను ఆమె మిగతా మాటలంత మామూలుగానే అంది.

బజారులో అంత పొడుగు పట్టీ దొరకదని, తానే నేస్తానని అన్నయ్య అన్నాడు. అయినా సాలె ఇంట్లో బట్ట కొని తెస్తే పేటలో తల ఎత్తుకుని తిరగలేనన్నాడు.

“దినమంత గుంటల కూసొని తల వంచుకునే ఉంటవ్,” అంది వదిన. “ఇగ ఎత్తేదెప్పుడు?”

అన్నయ్య చేతిలో ఉన్న చీర దించాక, మరో చీరకు నిలువు పోగుల పడుగు ఎక్కించలేదు. చీరల షావుకారు మనిషి వచ్చి అడిగితే, ఇంటి పని ఉందని తిప్పి పంపాడు. నేను ఎరిగినంతలో షావుకారు పని ఆపి ఆయన ఇంటికి ఏమైనా నేయడం అదే మొదటిసారి. తెల్లవారుజామున సందులో పడుగు చాచి, ఎప్పటిలాగే గంజి పెట్టి కుంచెతో దువ్వాడు. మందపు బట్ట కదా అని గంజి కూడా చిక్కగానే కాచాడు. అడ్డంగా పోయే పేకకు ముతక నూలు నాలుగైదు పోగులు కలిపి కండెలు చుట్టించాడు. చీర నేసే చేతికి ఆ బరువు అలవాటు లేదు. పోగులను బిగించే పలక దెబ్బకు ఇల్లంతా అదిరేది. మా అన్నయ్య కొడుకులు, తండ్రి చీరలు మాని గోనెసంచులు మొదలుపెట్టాడని చాటుగా నవ్వుకున్నారు.

పట్టీ దిగిన సాయంత్రం గోడ పొంటి పరిచాం. గంజితో చెక్కలా బిగిసి ఉంది. కూర్చుంటే చప్పుడు చేసింది. చాలాకాలానికి మగవాళ్లమందరం ఒకే వరుసలో కూర్చున్నాం. వంటింటి గడపకు దగ్గరగా మంగళకు కంచం పెట్టించాడు అన్నయ్య. అది గడప మీద నిలబడే తింది. అన్నయ్య తల ఎత్తకుండా తిని లేచాడు. ఆయన కంచంలో రొట్టె సగం మిగిలి ఉంది.

మరునాడు పొద్దున వదిన కేక వేసింది. గోడ మూల కన్నంలోంచి చీమల బారు బయలుదేరి, పట్టీ పొడుగునా సాగిపోతోంది. రాత్రి పప్పు చింది గంజి మెత్తబడిన చోటల్లా నల్లగా మూగి ఉన్నాయి.

“దీనికి ఏం పెట్టి నేసినవ్?” అంది అన్నయ్యతో.

“గంజి.”

“గంజి ఎవలకు పోసినవ్? మాకా, చీమలకా?”

తప్పు ఎక్కడుందో మాకు అప్పుడే తెలిసింది. చిన్ననాటి నుంచి ఆయన నేసిన బట్ట గంజితోనే షావుకారు ఇంటికి పోయింది. దాన్ని నీళ్లలో పెట్టేది కొన్నవాళ్లు. నేసిన గుడ్డకు గంజి వదిలించాలన్న ఆలోచన, ఇంట్లో ఇంతమంది నేతగాళ్లలో ఒక్కరికీ రాలేదు.

వదిన ఒక కొస పట్టుకుని దులపడానికి ఎత్తింది. అప్పుడు మంగళ గడప దిగింది. చీమలను చూడడానికి పట్టీ పక్కన గొంతుక్కూర్చుంది. బారు దాని కాలి వేలి పక్క నుంచి పోతోంది. కాసేపటికి కాళ్లు నొప్పి పుట్టాయేమో, వెనక్కి జరిగి పట్టీ మీదే కూర్చుంది. వీపు గోడకు ఆనింది.

వదిన ఎత్తిన కొసను చప్పుడు కాకుండా కిందికి దించింది. లోపలికి వెళ్లి జొన్నరొట్టె, పప్పు తెచ్చి దాని ముందు పెట్టింది. అది రొట్టె తుంచి, ఒక ముక్క నోట్లో పెట్టుకుని, పొడి కొంచెం చీమలకు వేసింది. అలా రొట్టె అయిపోయింది. ఇంకో రొట్టె అడిగింది.

అన్నయ్య వచ్చి దాని పక్కన కూర్చున్నాడు. చీమలు ఆయన పంచెలోకి దూరాయి. పెదవి బిగించి కూర్చున్నాడు గాని కదలలేదు. వాకిట్లోంచి చూస్తూ నేను లోపలికి రాలేకపోయాను. ఆ పొద్దు బడికి ఆలస్యంగా వెళ్లాను.

“ఇప్పుడే కడుగకు, పెద్దమ్మా,” అంది మంగళ.

వదిన కడగలేదు. శుభ్రం విషయంలో ఆమె ఎంత పట్టుదల గల మనిషో తెలిసినవాళ్లకు అదెంత పెద్ద సంగతో తెలుస్తుంది. కొన్నాళ్లపాటు మా ఇంట్లో అందరం చీమలతోనే తిన్నాం. తొడలు గోక్కుంటూ తిన్నాం. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. మంగళకు చీమల మీద మోజు తగ్గి, కంచం ముందు తనంతట తానే వచ్చి కూర్చోవడం అలవాటయ్యాక, ఒక రోజు వదిన పట్టీని సోడాలో ఉడకబెట్టి ఉతికింది.

ఆరిన తర్వాత అది మెత్తగా ఉంది. బరువు లేదు, పసుపు మరకలు కూడా చాలావరకు పోయాయి. కానీ ఈ మూల నుంచి ఆ మూల దాకా రావలసిన పట్టీ ఒక మనిషి చోటంత కుంచించుకుపోయింది. మగ్గం మీద బిగిసి ఉన్న నూలు నీళ్లు తగిలితే ఎంత దిగుతుందో కూడా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మళ్లీ నేస్తానని అన్నయ్య లేచాడు. వదిన అడ్డు చెప్పింది. షావుకారు పని చాలా ఆలస్యమైంది, ఉన్నదానిలోనే సర్దుకుందామంది.

అప్పటి నుంచి ఒకరి మోకాలి మీద ఒకరు మోకాలు పెట్టుకుని కూర్చుంటున్నాం. మంగళ నాకూ, అన్నయ్య చిన్న కొడుక్కూ మధ్య ఇరుక్కుని తింటుంది. ముద్ద ఎత్తినప్పుడల్లా దాని మోచెయ్యి నా పక్కటెముకకు తగులుతుంది. ఈమధ్య ఆ మోచేతికి కొంచెం కండ పట్టింది. ఆ దెబ్బ తగిలినప్పుడల్లా నేను అన్నయ్యను, వదినను తలుచుకుంటాను. ఇద్దరూ ఆ గదిలోనే ఉంటారు, ఒకరు తింటూ, ఒకరు వడ్డిస్తూ. మీ మేలు మరవనన్న మాట చంద్రభాగ ఉంటే వాళ్లకు ఎలా చెప్పేదో నాకు తెలియదు. అది నేను చెప్పవలసిన మాటే. ఇంతవరకు చెప్పింది ఒకసారే. ఆ రోజు వదిన వినిపించుకోనట్టు నా కంచంలో ఇంకొంచెం పప్పు పోసి వెళ్లింది.

మొన్న తింటూ తింటూ మంగళ అడిగింది, పెద్దమ్మ ఎక్కడ కూర్చోవాలని. మా ఇంట్లో ఆడవాళ్లు మగవాళ్లు లేచాక తింటారు. అది కాదు దాని ప్రశ్న. బంతిలో పెద్దమ్మకు చోటు లేదని అది చూసింది. ఎదురుగా ఇంకో పట్టీ వేస్తానని అన్నయ్య అన్నాడు.

“ఈపారి గంజి పోయేదాక ఉతికి తెస్త, చీమలకు ఏం దొరకదు,” అన్నాడు మంగళతో. అది నవ్వింది.

ఎదురు పట్టీ పరిస్తే అది నడింటి మధ్య నుంచే, చంద్రభాగను పడుకోబెట్టిన చోటు మీదుగానే పోవాలి. ఆ సంగతి మాలో ఎవరూ పైకి అనలేదు. మంగళ ఆ చోటు వైపు కాసేపు చూసి, మళ్లీ తన కంచంలోకి చూసుకుంది.

అన్నయ్య నూలు తెచ్చి అటక మీద పెట్టాడు. రెండో పట్టీకి పడుగు ఇంకా పోయలేదు.