నల్లపట్టీ వెనక ముఖం

లాల్‌దర్వాజా మలుపులో ఆ ఫ్లెక్సీ కట్టిన రోజు నుంచీ నాకు దాని మీద అనుమానమే. ముక్కు ఆపరేషన్లు చేసే ఏదో ఆసుపత్రి ప్రకటన. రెండు ముఖాలు పక్కపక్కన వేశారు. ఎడమ పక్క 'ముందు', కుడి పక్క 'తర్వాత'. రెండింటికీ కళ్ల మీద నల్లపట్టీ. కింద పెద్ద అక్షరాల్లో 'మీ సహజ సౌందర్యం మళ్లీ మీకే' అని రాశారు. కత్తి పెట్టి కోసేదానికి సహజమేమిటో, పుట్టినప్పటి ముక్కును ఎవరెత్తుకుపోయారని మళ్లీ ఇస్తారో నాకైతే అర్థం కాలేదు.

మా చెల్లెలు అఖిలకు మాత్రం మస్తుగా అర్థమైంది. చీరల దుకాణంలో పనికి పోతూ వస్తూ దాని ముందు ఆగేది. "ఎడమ పక్కామె ముక్కు జూడక్కా, అచ్చం నా లెక్కనే ఉన్నది. గామెకే గంత మంచిగైతే నాకెందుకు గాదు?" రోజూ ఇదే పాట. తిట్టాను, బతిమాలాను. అమ్మ పోలికే, బంగారం లాంటి ముక్కు అన్నాను. వింటేగా! ఒకరోజు అన్నం తింటూ, "సోమవారం ఆపరేషన్. నువ్వొస్తే రా, రాకుంటే ఊకో" అంది. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మత్తు ఇస్తారు, ఎముక చెక్కుతారు. అమ్మ పోయాక నాకున్నది ఇదొక్కతే. ఏమన్నా అయితే?

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ సాయంత్రమే పోయి ఫ్లెక్సీ ముందు నిలబడ్డాను. రెండు ముఖాల్లోనూ చెంప మీదికి జారిన జుట్టు పాయ ఒక్క తీరుగానే ఉంది. అంత పెద్ద ఆపరేషన్ చేస్తే వెంట్రుక కూడా చెదరలేదా? కింద మూలన, అచ్చు వేసిన దుకాణం పేరు కనిపించింది. మా ప్రేమ్‌రాజ్‌ది. గల్లీ బోనాల ఫ్లెక్సీలన్నీ వేసేది వాడే. శుభాకాంక్షల ఫ్లెక్సీ మీద ప్రతివాళ్ల ముఖమూ ఉండాల్సిందే, లేదంటే మా దగ్గర ఏడాదంతా అలకలే. అందుకని అందరి ఫోటోలూ వాడి కంప్యూటర్లో పడి ఉంటాయి.

అఖిలను రెక్క పట్టుకుని వాడి దుకాణానికి తీసుకుపోయాను.

"ఆ ఆసుపత్రి ఫ్లెక్సీల ఆమె ఎవరు? యాడుంటది? నేను మాట్లాడాలె."

"ఆసుపత్రోళ్లే పంపిండ్రు రూపక్కా. నాకేమెరుక," అన్నాడు, తల ఎత్తకుండానే.

"నా మొఖం జూసి చెప్పు."

"గిరాకీ టైముల ఏం లొల్లి అక్కా..."

నన్ను చూడకపోతే పోయాడు, అఖిలను కూడా చూడటం లేదు. మామూలుగా 'ఏం చెల్లె, మంచిగున్నవా' అని ముందు దాన్నే పలకరిస్తాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటున్నాడని అర్థమైపోయింది. "ఆ నల్లపట్టీ తియ్యి. లేకుంటే నీ కంప్యూటర్ ఎత్తి రోడ్డు మీదేస్త" అన్నాను.

వాడు మౌస్ కదిపాడు. పట్టీ పోయింది.

ఆ కళ్లు మా అఖిలవి. 'ముందు' అదే, 'తర్వాత' కూడా అదే. మొన్నటి బోనాలకు ఇచ్చిన ఫోటో. ఒకదాంట్లో ముక్కు ఉన్నది ఉన్నట్టు, రెండోదాంట్లో వీడు కంప్యూటర్లో సన్నం చేసింది.

"వాళ్లు ఫోటోలే ఇయ్యలేదక్కా. మనదిక్కు నాచురల్ మొఖమొకటి జూసి నువ్వే చెయ్యి అన్నరు. పట్టీ ఉంటది గదా, ఎవలు గుర్తుపడ్తరనుకున్న..."

"గల్లీల గంతమంది ఉండంగ నాదే ఎందుకు దీసినవన్నా?" అఖిల అడిగింది.

వాడి చూపు దాని ముక్కు మీద పడి, చటుక్కున మౌస్ మీదికి దిగింది. జవాబు ముగ్గురికీ తెలుసు. వాణ్ని అక్కడే చీపురు తిరగేసి బాదాలనిపించింది. తెల్లారేసరికి ఆ ఫ్లెక్సీ దిగకపోతే ఠాణాకు పోతానని అరిచాను. వాడు చేతులు జోడించాడు.

లోపల్లోపల మాత్రం నాకు సంబరమే. ఆపరేషన్ చేయించుకున్న మనిషే లేదు, అంతా అబద్ధమని అది తన కళ్లతోనే చూసింది. ఇంక సోమవారమూ లేదు, ఏమీ లేదు. "పా బిడ్డా, ఇంటికి పోదాం" అని భుజం మీద చెయ్యి వేశాను.

అది కదల్లేదు. తెర మీద కుడి పక్క ముఖాన్నే చూస్తోంది. చాలాసేపు చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అన్నా, గా కుడి పక్కది నా ఫోన్‌కు పంపు. డాక్టర్‌కు జూపిస్త."