చెయ్యి అందని చోటు

"మీ మందు పనిచెయ్యలేదే, పిడుగా!" అన్నాడు అన్నయ్య తలుపు తీస్తూనే.

జుట్టు సగం నెరిసిన ఆమెను ఇంకా పిడుగు అని పిలిచేవాడు లోకంలో అతనొక్కడే. ఆ ఒక్కడి ఒంటి మీదే తమ మందు ఓడిపోయిందంటే, ల్యాబ్‌లో గడిపిన ఏళ్లన్నీ బూడిదలో పోసిన పన్నీరే అనిపించింది.

"ఏదీ, మోచేతులు చూపించు."

చొక్కా చేతులు మడిచాడు. పొలుసులు రాలిపోయి చర్మం లేతగా, నున్నగా ఉంది.

"తగ్గిందిగా!"

"అక్కడ తగ్గింది. వీపు మీద మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే."

"తిరుగు, చూస్తాను."

"చూడ్డానికి అదేమన్నా నేను రాసిన బోర్డా? కూర్చో, టీ పెడతాను" అంటూ వంటింట్లోకి తప్పుకున్నాడు. దుకాణాలకు బోర్డులు రాయడమే అతని బతుకుతెరువు.

ఒకప్పుడు ఆ వీపు ఆమెదే. అన్నయ్యకు చిన్నప్పుడే సోరియాసిస్ వచ్చింది. అమ్మ సాయంత్రం డ్యూటీకి వెళ్లాక, నల్లటి తారు మలాము రాసే పని చెల్లెలి మీద పడేది. పాత దుప్పటి పరుచుకుని అతను బోర్లా పడుకునేవాడు. ఆ మలాము ఓ పట్టాన ఇంకేది కాదు. కొత్తగా వేసిన రోడ్డులా ఇల్లంతా వాసన. ఎంత రుద్దినా జిడ్డు పైపైనే నిలిచేది. ఆ జిడ్డులో ఆమె వేలితో అక్షరాలు రాసేది. "గుండ్రంగా తిప్పవే, అది ళ కాదు, వానపాము!" అని అతను కింద నుంచే దిద్దేవాడు.

అప్పుడే అతను మాట్లాడేవాడు. క్లాసులో తన పక్కన ఎవరూ కూర్చోరనీ, ఈతకు రమ్మంటే జలుబని అబద్ధం చెప్పాననీ దుప్పటికి చెప్పినట్టు చెప్పేవాడు. ముఖాలు ఎదురుపడనప్పుడు మాటలకు సిగ్గు ఉండదు. ఆ సంగతి ఆమెకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. అప్పట్లో తెలిసిందల్లా, చెయ్యి ఆగితే మాట కూడా ఆగిపోతుందని.

వాసన రాని, చొక్కాకు అంటని మందు చెయ్యాలన్న పట్టుదల బహుశా ఆ దుప్పటి మీదే పుట్టింది. చర్మం ఇటుక గోడలాంటిది. ఇటుకల మధ్య అడుసులా ఉండేది కొవ్వు. ఆమె బృందం మందును కంటికి ఆనని కొవ్వు రేణువుల్లో పొదిగింది. పరాయివాణ్ణి ఆపే గోడ, చుట్టరికం కలుపుకుని వచ్చినవాణ్ణి లోపలికి రానిస్తుంది. అయితే మందు నెత్తురు దాకా పోకూడదు, చర్మంలోనే ఆగాలి. గాజు గొట్టం నోటికి చర్మపు ముక్క బిగించి, ఎంత లోపల నిలిచిందో, ఎంత కిందికి జారిందో చూస్తూ ఆమె నడివయసు దాటేసింది. ఈలోగా అన్నయ్య వీపు వదిన చేతికి వెళ్లింది. నిరుడు వదిన పోయింది.

చేతులు కడుక్కుందామని స్నానాల గదిలోకి వెళ్లిన ఆమెకు, మేకుకు వేలాడుతూ ఒక పొడవాటి కర్ర కనిపించింది. దాని చివర బోర్డులు రాసే వెడల్పాటి కుంచె కట్టి ఉంది. వెంట్రుకలు తెల్లగా అట్టకట్టుకుపోయాయి.

కర్ర పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఇదేంటి అన్నయ్యా?"

అతను పొయ్యి వంకే చూస్తూ, "రెండు పూతలు కూడా వేశానే" అన్నాడు.

"మందంతా ఇదే తాగింది. సోరియాసిస్ నీకా, కుంచెకా?"

"మరేం చెయ్యమంటావు? పక్కింటాయన్ని పిలిచి, బాబూ కాస్త నా వీపు రుద్దిపెట్టమని అడగనా?"

"నన్ను అడగొచ్చుగా! ఊళ్లోనే ఉన్నానుగా!"

"పెద్ద సైంటిస్టువి. నీతో ఇంకా అదే పనా?"

నవ్వుతూనే అన్నాడు. కానీ గొంతు దుప్పటి నాటిది. ఆమె పొయ్యి కట్టేసి, కుర్చీ తిప్పి వేసింది.

"చొక్కా విప్పు."

చొక్కా విప్పి, వెనక్కి తిరిగి కూర్చున్నాడు. వీపు సన్నబడింది. పొలుసుల మధ్య గోకిన గీతలున్నాయి. ఆమె వేలికి కాస్త మందు తీసుకుని పలచగా రాసింది. అలవాటుగా ఒక అక్షరం మొదలుపెట్టింది. సున్నా తిరిగేలోపే మందు మాయమైంది. జిడ్డు లేదు, వాసన లేదు. ఇన్నేళ్లూ తను కోరుకున్నది ఇదే. ఎంత రుద్దినా ఇంకని ఆ పాత మలాము కోసం మనసు ఎందుకు పీకిందో ఆమెకే తెలియలేదు.

"అయిపోయిందా?" అన్నాడు.

"ఇంకా లేదు. కదలకు."

రంగు ఆరిందో లేదో ముట్టుకోకుండానే చెప్పగల మనిషి అతను. ఆ అబద్ధం తెలియకుండా ఉంటుందా? అయినా కదల్లేదు. కుర్చీ వీపు మీద గడ్డం ఆనించాడు.

పొడి అరచేయి నెమ్మదిగా తిరుగుతూనే ఉంది.

"ఈమధ్య బోర్డు రాస్తుంటే గీత వణుకుతోందే, పిడుగా" అన్నాడు చాలాసేపటికి, గోడతో చెప్పినట్టు. "ఎవరికీ చెప్పలేదు."