ఎడమ పక్క సీటు

మొదటి దెబ్బ చెంప మీద కొట్టాను. రెండో దెబ్బకు నా చేతిలో వీల్ స్పానర్ ఉంది. తల కాచుకోవడానికి మునస్వామి కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. దెబ్బ ఆ వేళ్ళ మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. వినపడినా ఆగలేదు. డొక్కలో తన్నాను. వాడు తన షెడ్డు ముందు, రంగు వెయ్యడానికి విప్పి పెట్టిన ఆటో తలుపుల మీద వెల్లకిలా పడ్డాడు. మూతి పగిలి చొక్కా అంతా రక్తం. చిత్తూరు మామిడి మండీల వాళ్ళు ఓ అరవై మంది చుట్టూ చేరారు గానీ నా దగ్గరికి రావడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఈ గిరిప్రసాద్ కోపం సంగతి అక్కడ తెలియనివాడు లేడు.

"అన్నా, నేను గాదన్నా! నా బిడ్డల మీద ఒట్టు, నేను గీకలేదన్నా!" అని అరుస్తున్నాడు వాడు.

"నోరు ముయ్‌రా నా కొడకా!" అని ఇంకొకటి తన్నాను.

అంత కోపం దేనికంటారా? కారు. నా కారును గీకాడని.

నలభై ఏడేళ్ళు వచ్చేదాకా నా సంతోషం కోసమని నేను ఒక్క వస్తువు కొనుక్కోలేదు. కొన్నవన్నీ లారీలు, జీపులు, మండీకి తూకం మిషన్లు. కారు కొంటానంటే నా భార్య నందిని ఏడు సీట్లది కొనమంది. అమ్మ, పిల్లలు, బట్టల మూటలు, అన్నీ పట్టేది. నేను మాత్రం స్పోర్ట్స్ కారు కోసం నాలుగుసార్లు బెంగుళూరు పోయాను. మొదటిది మరీ నేలబారుగా ఉంది, మా ఊరి స్పీడ్‌బ్రేకర్ల మీద పొట్ట చీలిపోతుంది. రెండోదానికి పైకప్పు లేదు. చిత్తూరు ఎండకు బుర్ర ఉడికిపోదూ! మూడోది కప్పిపెట్టుకుని ఆదివారాలు తుడుచుకునే రకం. నాలుగోది సెకండ్ హ్యాండ్. రెండే సీట్లు, బాగా మాగిన బేనీషా మామిడిపండు రంగు. కూర్చోగానే సీటు నా నడుమును పట్టుకుంది. స్టార్ట్ చేస్తే ఆ చప్పుడు గుండెలో మోగింది. "ఇది రోజూ నడపాల్సిన బండి సార్, నిలబెడితేనే చెడిపోతుంది" అన్నాడు అమ్మేవాడు. నాకు కావలసిందీ అదే. రోజూ.

అప్పట్నుంచి రోజూ తెల్లవారి ఆరింటికి చిత్తూరులో బయలుదేరడం, పూతలపట్టు క్రాస్ దగ్గర కాస్త నెమ్మదించి ఆ తర్వాత తొక్కడం, తిరుపతి బస్టాండు పక్కన దోసె తిని, మండీ తెరిచే వేళకు తిరిగి రావడం. ఒక్క పని ఉండదు. ఊరికే. ఆ ఊరికే పోవడంలో ఉన్నంత సుఖం నేను జన్మలో ఎరగను.

ఎడమ పక్క సీటులో మాత్రం ఎవర్నీ కూర్చోనివ్వలేదు. మొదటి రోజు నందిని పట్టుచీర కట్టుకుని వస్తే, "ఇంకా కవరు తియ్యలేదు, మాసిపోతుంది" అన్నాను. ఆమె గిరుక్కున తిరిగి లోపలికి పోయింది. మళ్ళీ అడగలేదు. ఆ ప్లాస్టిక్ కవరు అలాగే ఉండిపోయింది.

పూజ చేయించిన రోజు దిష్టికని నిమ్మకాయా మిరపకాయలూ ఇనుప తీగకు గుచ్చి బండి ముందర కట్టారు. ముందర అందం చెడిపోతోందని నేనే విప్పి, ఎడమ పక్క సైడ్ అద్దం కింద కట్టాను. అక్కడైతే నా సీట్లోంచి కనపడదు. కట్టి, దాని సంగతే మరిచిపోయాను. కొన్నాళ్ళకు, వేగం అరవై దాటితే ఎక్కడో టకటకమని చిన్న చప్పుడు మొదలైంది. పాత బండికి అలాంటివి మామూలేనని కారు అమ్మిన బెంగుళూరు మనిషి ఫోన్లో చెప్పాడు.

మునస్వామి షెడ్డు మా మండీకి ఎదురుగానే. సొట్టలు తీసి రంగులు వేస్తాడు. రంగు కలపడంలో వాణ్ణి మించినవాడు చిత్తూరులో లేడు. ఒక రోజు చేతులు తుడుచుకుంటూ వచ్చి, గోడ పక్కన నిలిపిన కారును ముందు నుంచి వెనక దాకా చూశాడు.

"అన్నా, ఒక్క రౌండు తీసకపో అన్నా. ఆ పక్కన కూసోని వస్తా, అంతే."

"నీ గ్రీజు లుంగీతో ఆ సీట్లో కూసుంటావా? దాన్ని కడిగించేదానికి నేను మళ్ళీ బెంగుళూరికి పోవాల."

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. వాడూ నవ్వాడు గానీ మొహం చిన్నబోయింది. "సరేలే అన్నా. అందురి కండ్లూ దాని మీదనే ఉండాయి, బద్రం" అని వెళ్ళిపోయాడు.

మూడు రోజుల తర్వాత ఎడమ పక్కను గోడకు చేర్చి నేను ఎప్పుడూ నిలిపే చోట లారీ అడ్డం ఉంటే, కారును మునస్వామి షెడ్డు వైపు నిలిపాను. గంట తర్వాత వచ్చి చూద్దును గదా, ఎడమ తలుపు మీద మేకుతో గీకినట్టు నాలుగైదు తెల్లటి గీతలు! వాడన్న 'బద్రం' చెవిలో గింగురుమంది. డిక్కీ తెరిచి స్పానర్ తీశాను. ఆ తర్వాత జరిగింది ముందే చెప్పాను.

మర్నాడు పోలీసులు వస్తారని చూశాను. రాలేదు. మునస్వామే వచ్చాడు. మొహం వాచిపోయి ఒక కన్ను మూసుకుపోయింది, కుడి చేతికి మోచేతి దాకా కట్టు. పక్కన వాడి భార్య సిద్ధమ్మ.

"కేసు పెట్టన్లే అన్నా. కాణిపాకానికి రా. దేవుని ముందర ప్రమాణం సేస్తా."

"ప్రమాణమా! సేసిన కాడికి సాల్లేదా నీకు?" అన్నాను.

"ఎముకలు అతుక్కుంటాయిలే" అంది సిద్ధమ్మ. "కారు గీకినోడని పేరు పడితే ఈయప్ప కాడ ఇంక బండి ఎవుడు నిలుపుతాడు? పొద్దున్నించి ఇద్దురు వచ్చి ఆటోలు తోసకపోయినారు. మేమేం తిని బతకాల?"

మండీల్లో అందరికంటే పెద్దవాడు దొరస్వామి మామ. ఆయన మధ్యలో పడి తేల్చేశాడు. "గిరీ, వాడు ప్రమాణం సేస్తే నువ్వు నమ్మాల. సెయ్యలేకపోతే వాడు షెడ్డు మూసుకోని ఊరిడిసి పోవాల. ఆడ అబద్ధం సెప్పి బాగుపడినోడు లేడు."

మునస్వామి ఒక్క షరతు పెట్టాడు. "నేను బస్సులో రాను. ఏ బండి కోసం నా మీద నింద ఏసినాడో ఆ బండిలోనే కూసోని వస్తా."

నా ఒళ్ళు మండిపోయింది. అయినా అంతమంది ముందు కాదనలేకపోయాను. దొరస్వామి మామ, సిద్ధమ్మ, ఇంకొందరు జీపులో ముందు పోయారు. మునస్వామి ఎడమ పక్క సీట్లో, ఆ ప్లాస్టిక్ కవరు మీద, కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

వాడికి బుద్ధి చెప్పాలని ఊరు దాటగానే తొక్కాను. ఎనభై. వంద. లారీల సందుల్లో దూర్చాను. ఒక బస్సును జానెడు దూరంలో తప్పించాను. పక్కనున్న ప్రాణం బిక్కచచ్చిపోవాలని నా కసి. వాడు మాత్రం చెవి రిక్కించి వింటున్నాడు.

"అన్నా, ఆ టకటక ఏందన్నా?"

"ఇంజన్ది. మూసుకోని కూసో."

"ఇంజన్ది గాదు." ఎడం చేత్తో కిటికీ అద్దం దించి తల బయటికి పెట్టాడు. కాసేపు అలాగే చూశాడు. లోపలికి వచ్చినప్పుడు వాడి మొహంలో రంగు మారింది. "పక్కకు నిలుపు."

"భయమయిందా?"

"నిలుపన్నా!"

ఆ గొంతుకు నా కాలు దానంతటదే బ్రేకు మీదకు పోయింది. ఇద్దరం దిగాం. అద్దం కింద నిమ్మకాయ లేదు, మిరపకాయలు లేవు. అవి ఎప్పుడో రాలిపోయాయి. ఉత్త తీగ మిగిలింది, చివర వంకర తిరిగి కొక్కెంలాగా. వాడు ఆ తీగ కొస పట్టుకుని తలుపు మీద ఆనించి వెనక్కి లాగాడు. కొస సరిగ్గా మొదటి గీతలో పడింది. కొంచెం కిందికి దించితే రెండో దాంట్లో, ఆ తర్వాత మూడో దాంట్లో. గాలికి కొట్టుకుంటూ రోజూ తిరుపతి దాకా నా తలుపును అదే గీకింది. కట్టినవాణ్ణి నేను.

సిగ్గు కాదు, నిజం చెప్తున్నాను. ముందు వచ్చింది కోపమే. వాడి కాలరు పట్టుకుని తలుపుకేసి గుద్దాను.

"ఈ మాట యాడన్నా అన్నావంటే నీ రెండో చెయ్యి గూడా ఇరిసేస్తా. నేను ఆడ నమ్మినానని సెప్తా, నీ ఆస్పత్రి సంగతి నేను సూసుకుంటా. ఇంతటితో పోనీ."

వాడు కదల్లేదు. మూసుకుపోయిన కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎడం చేత్తో ఆ తీగను విప్పి, చుట్ట చుట్టి, జేబులో పెట్టుకున్నాడు.

"నేను సెప్పనన్నా. సెప్పినా నేనే ఆడ కట్టినానంటారు. నువ్వే సెప్పాల. నన్ను అరవై మంది ముందర కొట్టినావు, ఈడ ఎవురుండారు?" అని పోయి సీట్లో కూర్చున్నాడు. "పద."

కాణిపాకంలో తలస్నానం చేసి తడి బట్టలతో దేవుడి ముందు నిలబడ్డాడు. కుడి చెయ్యి కట్టులో ఉంటే ఎడం చెయ్యి చాపి కర్పూరం ఆర్పాడు. "గిరన్న కారును నేను గీకలేదు. గీకింటే నా రెండు కండ్లూ పోనీ."

"ఏమప్పా గిరీ, నమ్మినావా?" అన్నాడు దొరస్వామి మామ.

"నమ్మినా" అన్నాను. ఒక్క మాట. తీగ సంగతి గొంతు దాకా వచ్చింది. మింగేశాను.

బయట కారు దగ్గరికి వచ్చేసరికి, జీపులో వచ్చిన వాళ్ళలో ఒకడు గొణిగాడు, "కడుపు కాలితే ఎవుడైనా ప్రమాణం సేస్తాడు. ఎవురికి తెల్సు?" సిద్ధమ్మ ఆ మాట విని అక్కడే కూలబడిపోయింది. మునస్వామి నా వైపు చూశాడు. జేబు మీద చెయ్యి వేసుకుని చూశాడు. నేను కారు తాళాల వైపు చూశాను.

వాడు వంగి ఒక కంకర రాయి తీసుకున్నాడు.

నాకు అర్థమయ్యేలోపే ముందు లైటు దగ్గర మొదలుపెట్టాడు. కుడి పక్కంతా, నా తలుపు మీదుగా, వెనక లైటు దాకా, ఎడం చేత్తో బలం కొద్దీ నొక్కి గీశాడు. ఆ చప్పుడుకు నా పళ్ళు జివ్వుమన్నాయి. రంగు పొట్టు పొట్టుగా రాలింది. ఎవరో "అయ్యయ్యో!" అని అరిచారు.

"ఇది నేను గీసింది!" అన్నాడు మునస్వామి. రాయి విసిరేశాడు. "ఇప్పుడు కొట్టన్నా. ఈ తూరి నీ దెబ్బకు న్యాయముండాది."

స్పానర్ ఎప్పుడు తీశానో నాకు తెలియదు. ఎత్తాను. మొన్న అడ్డం పెట్టినవాడు ఈసారి అడ్డం పెట్టలేదు. కట్టు కట్టిన చేతిని తీసుకొచ్చి బానెట్ మీద పెట్టాడు. సిద్ధమ్మ కెవ్వుమంది. కట్టు బయట మిగిలిన బొటనవేలు కొన మీద నీలం రంగు పెయింటు మరక ఇంకా ఉంది.

దెబ్బ దించాను. ఎడమ పక్క అద్దం మీద. గాజు పగిలింది. మళ్ళీ కొట్టాను. అద్దం ఊడి తీగల మీద వేలాడే దాకా కొట్టాను. తలుపును కొట్టాను, కిటికీని కొట్టాను, కొడుతూనే అరిచాను.

"నేనే! ఆ తీగ నేనే కట్టినా! ఈ అద్దానికి నేనే కట్టినా! గీకింది అది! వీడు గాదు, వీడు ముట్టలేదు! నాకు దావలోనే తెలిసింది, తెలిసీ నోరు మూసుకున్నా!"

మునస్వామి జేబులోంచి ఆ తీగ తీసి దొరస్వామి మామ చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని తిప్పి చూసి, నా వైపు చూసి, పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. ఆటోలు మళ్ళీ మునస్వామి షెడ్డుకు వచ్చాయి. రంగు ఇప్పటికీ వాడే కలుపుతాడు. వెయ్యడానికి మాత్రం వేరే మనిషిని పెట్టుకున్నాడు. స్ప్రే గన్ను నొక్కాల్సిన చూపుడు వేలు వంగడం లేదు. ఇక వంగదని డాక్టరు చెప్పాడు.

కారుకు అద్దం, కిటికీ వేయించాను. గీతలు అలాగే ఉంచాను. ఎవరు గీశారని అడిగితే రెండు పక్కలా నేనే గీశానంటాను. ఎడమ సీటు కవరు చించి పారేశాను. పొద్దున ఆరింటికి వాడి షెడ్డు ముందు ఆపి, ఆ పక్క తలుపు తెరిచి, "రారా, తిరుపతి దాకా పోయొద్దాం" అని పిలుస్తాను. రోజూ పిలుస్తాను.

వాడికి కోపమేమీ లేదు. టీ గ్లాసు ఎడం చేత్తో పట్టుకుని నవ్వుతాడు. "ఒక తూరి కూసున్నా గదన్నా, సాలు" అంటాడు.

తలుపు వేసుకుని ఒక్కణ్ణే పోతాను.