ట్యాంకులో సబ్బుపొడి

ఖాడీ పొంగి మా లింబాయత్ గల్లీని ముంచి మూడు రోజులైంది. ఖాడీ అంటే మురుగు మోసే వాగు. ఆ మురుగే మా గుమ్మాల్లోకి వచ్చింది. బిల్డింగులో పద్నాలుగు ఇళ్లు. అందరికీ కలిపి మిగిలిన మంచినీళ్లు డాబా మీది నల్ల ట్యాంకులో రెండు జానలు. కర్ర ముంచి కొలిచింది నేనే. గల్లీ నిండా మోకాలిలోతు బురద కాబట్టి ట్యాంకర్ రేపటిగ్గానీ రాదన్నారు. పక్క గల్లీలో ఏ నీళ్లు పడితే ఆ నీళ్లు తాగి ఇద్దరు పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. అందుకే మొదటి రోజే కుళాయిల వాల్వు కట్టేసి, డాబా తలుపుకు తాళం వేసి, చెవి కొంగుకు ముడేసుకున్నాను. ఇంటికి రోజుకో బిందె, అంతే.

"నీళ్లకు గూడ సేఠాణి తయారైంది" అని మొదటి అంతస్తు దేవదాస్ మెట్ల మీద దెప్పేవాడు. దెప్పనీ. నా నోటి ముందు వాడెంత?

నా అసలు భయం సంపు గురించి. గల్లీ నీళ్లన్నీ అందులోకి దిగాయి. మురుగొక్కటే కాదు, రంగుల మిల్లుల మందులు కూడా. కరెంటు రాగానే ఎవరైనా అలవాటుకొద్దీ మోటరు వేశారంటే ఆ కంపంతా పైకెక్కి ట్యాంకులో కలుస్తుంది. అందుకని పదమూడు తలుపులు తట్టి, మోటరు జోలికి పోవద్దని చెప్పాను.

తట్టనిది ఒక్కటే తలుపు, మాది. అందులో మా మామ కనకయ్య ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా ఈ బిల్డింగు మోటరు ఆయన చేతిలోనే ఉంది. కరెంటు వచ్చిందంటే అన్నం ముందు నుంచైనా లేచి వెళ్లి మోటరు వేసే మనిషి. నలభై ఏళ్లు సాంచాల, అంటే మరమగ్గాల, మోతలో పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. చెప్పాలంటే ఎదురుగా నిలబడి పెదాలు కదపాలి. నేను నిలబడలేదు. రెండు నెలల కిందట బార్డోలీలో చుట్టాల పెళ్లిలో, మా కోడలికి పనికన్నా నోరెక్కువని పదిమందిలో అన్నాడు. అప్పటినుంచి ఆయనతో ఏం చెప్పాలన్నా నా పెనిమిటి శ్యాంసుందర్ ద్వారానే. శ్యాంసుందరేమో తాపీ నది అవతల అమ్రోలిలో చిక్కుకుపోయాడు. మామకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారులే అనుకున్నాను. వాళ్లంతా నేనే చెప్పి ఉంటానని అనుకున్నారు.

ఆ రోజు పొద్దున పదకొండింటికి డాబా మీద నీళ్లు పోస్తున్నాను. తొమ్మిది ఇళ్ల వాళ్లు పట్టుకెళ్లారు. పదో బిందె హారతిది. ఆమెకు ఐదు నెలల పాప, డబ్బాపాలు పడుతోంది. అంతలో కింద పిల్లలు "లైట్ ఆ గయీ!" అని కేకలు పెట్టారు. కరెంటొచ్చిందని బిల్డింగంతా చప్పట్లు. ఆ వెంటనే నా కాలి పక్కన పైపు గుర్రుమంది.

పైపులో నిలిచి ఉన్న పాత నీళ్లు ట్యాంకులోకి దూకుతున్నాయి, వాటి వెనకే సంపు నీళ్లు. పైపు పట్టుకుని గుంజాను, రాలేదు. పిట్టగోడ దగ్గరికి పరుగెత్తి వంగి చూశాను. మామ బురదలో నిలబడి, మోటరు వేశానన్నట్టు నాకు చెయ్యి ఊపాడు. మొహం నిండా సంతోషం.

"బంద్ చెయ్ మామా!" అని అరిచాను. ఎవరికి వినబడుతుంది?

పెళ్లైన కొత్తలో నేనూ ఆయన పనిచేసే సాంచాల ఖాతాలోనే నూలు కండెలు చుట్టాను. అక్కడ నోటితో పని కాదు, అంతా చేతులతోనే. రెండు పిడికిళ్లు జోడించి ఫట్టున విడదీశాను. పోగు తెగింది, సాంచా ఆపు అని. మామ మొహంలో నవ్వు పోయింది. ఒక్క ఉరుకున లోపలికి వెళ్లాడు. పైపు ఆగింది.

మూత తీసి చూశాం. నీళ్లు తేటగానే ఉన్నాయి. అదే వచ్చిన చిక్కు. చెంబుతో తీసి వాసన చూస్తే సన్నగా, ఉందా లేదా అన్నట్టు, మిల్లు వాసన.

"ఏం గాలే, సాఫ్ ఉన్నయ్," అన్నాడు అప్పుడే పైకొచ్చిన దేవదాస్. "మరిగిచ్చుకుంటే అయిపాయె."

"మరిగిస్తె పురుగు చస్తది, రంగు మందు చస్తదా?"

"మరి రేపటిదాంక ఏం తాగాలె? పొయ్యి, జల్ది పొయ్యి!"

అయిదు ఇళ్ల వాళ్లు ఖాళీ బిందెలు ముందుకు తోశారు. హారతి పాపను భుజాన వేసుకుని నా మొహంలోకి చూసింది. పొయ్యమనలేదు, వద్దనలేదు. తాళం వేసి పోతే ఏ రాత్రో పగలగొడతారు, దాహం అలాంటిది. బట్టలుతికే బండ మీద సబ్బుపొడి పాకెట్ ఉంది. చింపి మొత్తం ట్యాంకులో కుమ్మరించాను.

"పాగల్ దానా!" దేవదాస్ నా మీదికి వచ్చాడు.

"బురద కడుక్కోండ్రి. తాగుడు మాత్రం కాదు."

అంతలో మామ ఆయాసపడుతూ పైకొచ్చాడు. అందరూ ఆయన మీద పడ్డారు. ముసలోడా, బుద్ధి లేదా, పిల్లల్ని చంపుతావా అని. ఆయన ఒక నోటి నుంచి ఇంకో నోటికి చూస్తున్నాడు. సగం అర్థమై మొహం పాలిపోయింది. నాకు సిగ్గేసింది. మనుషుల్ని తోసుకుని ఆయన ఎదుటికి వెళ్లాను.

"సంపుల మురికి నీళ్లున్నయని నీకు నేనే చెప్పలె మామా. తప్పు నాది."

మళ్లీ ఒకసారి చెప్పాను, అందరికీ వినబడేలా.

ఆయన నా పెదాలనే చూశాడు. తర్వాత కిందికి వెళ్లి, పొద్దున మా ఇంటికి పోసిన బిందె ఎత్తుకొచ్చి అందరి మధ్యా పెట్టాడు.

"దొరికినోళ్లందరు తెండ్రి," అన్నాడు, చెవిటివాళ్ల పెద్ద గొంతుతో. "గిలాసలతోటి మళ్ల పంచుదం. మా కోడలు ఊర్మిళ పంచుతది."

ముందుగా మా పక్కింటి బుచ్చవ్వ తన బిందె తెచ్చింది. ఆమె తర్వాత మరో నలుగురు. దేవదాస్ తేలేదు. ఇంకో ఇద్దరు తలుపులే తీయలేదు. ఆరు బిందెలు, పదకొండు ఇళ్లు. పాప పాలకని చెప్పి హారతికి ముందే రెండు సీసాలు నింపాను. మిగిలినవి రేపటిదాకా మనిషికి నాలుగు గ్లాసులు.

మామ గ్లాసు చాపలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, "నాకద్దు, పిల్లలకు పొయ్యి" అన్నాడు. నాకు కోపం వచ్చింది. గ్లాసు నింపుకుని పోయి ఆయన ముందు గొంతుక్కూర్చున్నాను.

"నువ్వు పడిపోతె ఆ బురదల నిన్నెవ్వలు మొయ్యాలె? నీ కొడుకు గూడ లేడు. తాగు!"

పెదాలు చదివి గ్లాసు అందుకున్నాడు. రెండు గుక్కలు తాగి, మిగతాది నా వైపు జరిపాడు.

"నువ్వు పొద్దుగాల్నుంచి తాగలె బిడ్డా," అన్నాడు.

నేను అక్కడే, అందరి ముందూ, భోరుమన్నాను.