తడి బరువు

కోదండరాం తూకం బల్ల ఎక్కి ఊపిరి బిగబట్టాడు. ఎర్ర అంకెలు కాసేపు ఊగి అరవై ఒకటిన్నర దగ్గర ఆగాయి. పంచెకూ చొక్కాకూ అరకిలో తరుగు తీసి, గోడ మీద అరవై ఒకటి అని రాసుకున్నాడు. దానిపైన నిన్నటిది యాభై తొమ్మిదిన్నర, మొన్నటిది యాభై ఎనిమిది.

వాషర్‌మెన్‌పేట్‌లోని ఆ బియ్యం మండీలో ముప్పై ఏళ్లుగా తూకం అతనిదే. గుండె ఆపరేషన్‌తో పదహారు కిలోలు తగ్గి ఇంటికొచ్చాడు. ఏడు వారాలయ్యాక, కూర్చుని చేసే పనే కదా అని మళ్లీ మండీకి వస్తున్నాడు. రోజూ బరువు చూసుకోమనీ, తేడా వస్తే వెంటనే రమ్మనీ నర్సు చెప్పింది. తేడా అంటే తగ్గడమేనని భార్యాభర్తలిద్దరూ అనుకున్నారు. మండీలో సరుకు తగ్గిందని గొడవపడేవాళ్లే గానీ, పెరిగిందని ఏడ్చినవాడు లేడు.

మూటలు మోసే ఏళుమలై గోడకేసి చూశాడు.

"ఏందన్నా, కండ పడతాంది."

"మీ వదిన నిన్న ఎండుచేపల పులుసు పెట్టిందిలే."

"ఇంకేం, వచ్చే నెల నువ్వే మూటలెత్తేస్తావు."

"ఎత్తేది నువ్వు. తిట్టేది నేను."

ఏళుమలై నవ్వి, గొంతు తగ్గించాడు. "ఒకసారి చూపించన్నా."

కోదండరాం గుండీలు విప్పాడు. గొంతు గుంట నుంచి పొట్ట దాకా గోనెసంచి కుట్టులా ఒక గీత. ఏళుమలై వేలు చాపి, తాకకుండానే వెనక్కి తీసుకున్నాడు.

"గుండెను నిజంగానే ఆపేసినారా?"

"ఆమా. మూడు గంటలు. అంతసేపూ పక్కన మిషనే కొట్టుకుందంట."

"అప్పుడు నువ్వు యాడుంటివి?"

"తెలీదురా," అన్నాడు కోదండరాం. అది అతనూ చాలాసార్లు ఆలోచించిన సంగతే.

మధ్యాహ్నం భార్య అలివేలు క్యారియర్ తెచ్చింది. గోడ మీది అంకెను వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది. "మొగం గూడా నిండిందయ్యా," అంది. మెట్టెక్కితే తనకు ఆయాసంగా ఉందని అతను ఆమెకు చెప్పలేదు.

అప్పుడే నెల్లూరు లోడు దిగింది. ఒక మూట కిలోన్నర ఎక్కువ తూగింది. కోదండరాం అలవాటుగా దాని పక్కన బొటనవేలు నొక్కాడు. పొడి గింజయితే జారి గుంట పూడుతుంది. ఇది పూడలేదు.

"తడి మూట. దించు."

ఖాళీ అయిన తూకం బల్ల అంచున కూర్చుని, పొద్దుటి నుంచి బిగుస్తున్న చెప్పులు విప్పి పక్కన బల్ల మీదే పెట్టాడు. పాదాల మీద వార్ల అచ్చులు లోతుగా పడి ఉన్నాయి. తన పిక్క పక్క ఎముక మీద అదే బొటనవేలు పెట్టి నొక్కాడు. గుంట అలాగే ఉండిపోయింది.

చాలాసేపు దానికేసే చూశాడు. ఎవరూ పొయ్యకుండా మూడు కిలోల నీళ్లు తనలోకి వచ్చాయి. ఈ పుల్లల్లాంటి కాళ్లు మూడు రోజులుగా వాటిని సడి లేకుండా మోస్తున్నాయి.

"అలివేలూ, ఇది కండ కాదే. నీళ్లు."

ఆమె వంగి తానూ నొక్కింది. "నొప్పి లేదా?"

"లేదు. చూడు, ఎంత నెమ్మదిగా పూడతాందో."

ఆస్పత్రికని ఏళుమలై అతన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని ఆటో దాకా మోశాడు. ఏ మూటనూ అంత మెల్లగా మోసి ఎరగడు.

"తేలిగ్గా ఉండావన్నా."

"తప్పు," అన్నాడు కోదండరాం ఆయాసపడుతూ. "అరవై ఒకటి."

ఆటో వంతెన మీద రైలు పట్టాలు దాటకముందే అతని తల అలివేలు భుజం మీదికి వాలింది. వంతెన దిగేసరికి ఆయాసం ఆగింది, ఆ తల బరువెక్కింది.

మండీలో ఆ పూట ఇంకేమీ తూచలేదు. తూకం బల్ల మీద అతని రబ్బరు చెప్పులున్నాయి, పైన ఎర్రగా ఆరు వందల గ్రాములు వెలుగుతూ.